స్టీరింగ్ లేని బండి

తెనాలికి కూతవేటు దూరంలో ఉన్న ఊరి రైతు ఆయన. వయసు 68. పేరు రాయొద్దన్నారు. "చదివిన ప్రతివాడూ ఫోన్ చేసి, అమెరికా పోయి గడ్డి కోశావంటగా అంటాడు" అన్నది ఆయన అభ్యంతరం. ముప్ఫై ఏళ్లకు పైగా సొంత మాసీ ఫెర్గూసన్ మీద దమ్ము చేశారు, రోటవేటర్ తోలారు, ధాన్యం ట్రక్కును రివర్సులో ఇరుకు సందుల్లోకి ఎక్కించారు. కాలవ కట్టల మీద తిరగబడ్డ వేరేవాళ్ల ట్రాక్టర్లను తాళ్లు కట్టి లాగడానికీ వెళ్లారు. అలాంటి మనిషి జార్జియా రాష్ట్రంలో, కొడుకు ఇంటి వెనకాల, గడ్డి కోసే బండి బెల్టుకు వేలాడుతూ భార్య కంటపడ్డారు. ఆయన అరుగు మీద కూర్చుని చెప్పిందీ, కొడుకు ఫోన్లో చెప్పిందీ కలిపి రాస్తున్న గాథ ఇది.

ఇల్లు అట్లాంటాకు ఉత్తరాన, కమ్మింగ్ వైపు. ఎకరన్నర జాగా. ఎర్రమట్టి నేల, దానిమీద బెర్ముడా గడ్డి. ముందు సమంగా ఉన్నట్టే ఉండి, ఇల్లు దాటాక వెనక్కి వాలుతూ పోతుంది. ఆ వాలు చివర వాన నీళ్లు నిలవడానికి తవ్వించిన చిన్న చెరువు, దాని ఒడ్డున నీళ్ల వైపు రెండడుగులు దిగే రాతి గోడ. గడ్డి కాస్త ఎదిగితే చాలు, కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది.

"గేదెకు వెయ్యని గడ్డికి ఎరువు చల్లుతారు, నీళ్లు పెడతారు. అది పెరిగితే ఎందుకు పెరిగిందని జరిమానా వేస్తారు" అని వెళ్లిన మొదటి వారంలోనే ఆయన తీర్పు చెప్పేశారు. ఆ మాటకు నా ఓటు కూడా ఉంది.

ఇక బండి. కొడుకు ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. 54 అంగుళాల డెక్కు, అంటే బ్లేడ్లు తిరిగే పళ్లెం. వాళ్లు దాన్ని జీరో టర్న్ అంటారు. స్టీరింగ్ ఉండదు. కూర్చుంటే తొడల మీదికి వచ్చే రెండు పొడవాటి లీవర్లు ఉంటాయి. ఎడమ లీవరు ఎడమ వెనక చక్రానిది, కుడిది కుడి చక్రానిది. ఒక్కో చక్రానికీ విడిగా హైడ్రాలిక్ పంపు, మోటారు. రెండూ సమంగా ముందుకు తోస్తే తిన్నగా పోతుంది. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ అంటే నిలబడ్డచోటే గిర్రున తిరుగుతుంది. ముందు చక్రాలకు దిక్కు చెప్పే పనేమీ లేదు, కుర్చీ చక్రాల్లా ఎటు నెడితే అటు తిరుగుతాయి. 1950ల్లో మిస్సోరీ రాష్ట్రంలోని వారెన్స్‌బర్గ్‌లో మ్యాక్స్ స్విషర్ అనే ఆయన ఇలాంటి బండి చేశాడు. 1960ల్లో కాన్సాస్‌లోని హెస్టన్ నుంచి హస్లర్ బండ్లు వచ్చాక ఈ పద్ధతి నిలదొక్కుకుంది. చెట్ల మొదళ్ల చుట్టూ, పూల మళ్ల అంచుల్లో ఇది చేసే పని స్టీరింగ్ బండి చెయ్యలేదు.

పెద్దాయనకు బండి వెంటనే అర్థమైంది. దమ్ములో కేజీ వీల్స్ వేసి, మూల దగ్గర ఒకవైపు బ్రేకు తొక్కి ట్రాక్టర్‌ని తిప్పడం చేతికీ కాలికీ వచ్చిన విద్యే. ఆయన అడిగింది ఒక్కటే.

"దీనికి బ్రేకు ఏదిరా?"

"కాలి బ్రేకు లేదు నాన్నా. పక్కనున్నది పార్కింగ్ బ్రేకు. నడిచేటప్పుడు లీవర్లు మధ్యకు తెస్తే ఆగుతుంది."

"చక్రం జారుతున్నప్పుడు?"

కొడుకు దగ్గర జవాబు లేదు.

జవాబు పక్కింటాయన దగ్గర ఉంది. ఆయన ఒకప్పుడు ఇలాంటి యంత్రాల రిపేరు షాపు నడిపిన ముసలాయన. ఇంగ్లీషులో ఆయన చెప్పడం, కొడుకు తెలుగులో అందించడం. మొదటి రోజు ఆయన పెద్దాయన్ని బండి ఎక్కనివ్వలేదు. ముందు జాగా అంతా నడిపించాడు. విరిగిన కొమ్మలు, పిల్లల బంతి, తీగ ముక్క, నేలలోంచి తల ఎత్తిన స్ప్రింక్లర్, గులకరాళ్లు. ఏరేవి ఏరించాడు, ఏరలేనివాటి దగ్గర గుర్తు పెట్టించాడు. ఈ బ్లేడు కొస వేగానికి అమెరికా ప్రమాణాల్లో పెట్టిన పరిమితి నిమిషానికి 19,000 అడుగులు. గంటకు దాదాపు 347 కిలోమీటర్లు. ఆ వేగంతో తగిలిన రాయి డెక్కు పక్కన గడ్డి బయటికి వచ్చే తొట్టి నుంచి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. తొట్టికుండే రబ్బరు మూతను పైకెత్తి కట్టేసి కోసేవాళ్లుంటారని ఆయన చిరాకుపడ్డాడు.

తర్వాత నేర్పింది స్టార్టు చేసే వరస. లీవర్లు రెండూ బయటికి విప్పి ఉండాలి, పార్కింగ్ బ్రేకు పడి ఉండాలి, పీటీఓ మీట కిందికి నొక్కి, అంటే ఆపి ఉండాలి. అప్పుడే తాళం. పీటీఓ అనగానే పెద్దాయన ముఖం వెలిగింది. రోటవేటర్‌ను తిప్పేది ఏదైతే పీటీఓనో, ఇక్కడ బ్లేడును తిప్పేదానికీ అదే పేరు. సీటు కింద ఒక స్విచ్చు ఉంటుంది. బ్లేడు తిరుగుతుండగా మనిషి సీటు మీంచి లేస్తే ఇంజను ఆగిపోతుంది. దాన్ని తీగతో కట్టేసి వాడేవాళ్ల బండి రిపేరుకు తీసుకునేవాణ్ని కాదన్నాడు ముసలాయన.

ఇక రోల్ బార్. సీటు వెనక కమానులా నిలబడే ఇనప చట్రం. కొమ్మల కింద దూరడానికి, తలుపు కింద పట్టడానికి అది మడుస్తారు. దాని నియమం రెండు ముక్కలు: బార్ నిలబెట్టి ఉంటే బెల్టు పెట్టుకోవాలి, బార్ మడిచి ఉంటే బెల్టు పెట్టుకోకూడదు. మొదటిది అందరికీ అర్థమవుతుంది. రెండోది వినగానే పెద్దాయన "ఇదేం లెక్క?" అన్నారు. బార్ నిలబడి ఉన్న బండి తిరగబడితే మనిషికి కాస్త చోటు మిగులుతుంది. బెల్టు అతన్ని ఆ చోటులోనే ఉంచుతుంది. బార్ మడిచిన బండి తిరగబడితే చోటే మిగలదు. అప్పుడు బెల్టు మనిషిని దాని కిందే కట్టేస్తుంది, పక్కకు దూకే వీలు కూడా ఉండదు. మన ఊళ్లలో ట్రాక్టర్ కింద పడినవాళ్ల కథలు విన్న ఎవరికైనా ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

చివరికి చెరువు. ముసలాయన వాలు మీద ఫోను పెట్టి కొలిచి చూపాడు. ఇలాంటి బండ్ల పుస్తకాలు చాలావరకు 15 డిగ్రీలు దాటిన వాలు మీద వద్దంటాయి. కొన్ని అంతకంటే తక్కువకే వద్దంటాయి. 15 డిగ్రీలంటే పదడుగుల దూరానికి రెండున్నర అడుగులకు పైగా దిగుడు. ఒడ్డు దగ్గర ఫోను 17 చూపింది. వాలు ఎంతైనా సరే, గోడల నుంచి, నీళ్ల నుంచి బండి వెడల్పుకు రెండింతల దూరంలో ఆగాలి. ఇక్కడ అది తొమ్మిదడుగులు. అక్కడ ఆయనే చిన్న ఎర్ర జెండాలు పాతాడు. జెండాలు దాటిన గడ్డిని చేత్తో పట్టుకునే స్ట్రింగ్ ట్రిమ్మర్‌తో నరకాలి.

మే నెలంతా బాగానే గడిచింది. మొదట రెండ్రోజులు బ్లేడు వెయ్యకుండా ఉత్త బండి నడిపారు. కుదుపుకు చెయ్యి కదులుతుంది, చెయ్యి కదిలితే లీవరు కదులుతుంది, లీవరు కదిలితే బండి ఇంకా కుదుపుతుంది. కొత్తవాళ్లందరికీ ఇదే తంటా. నిదానంగా తోలడం పట్టుబడ్డాక, చారలు చారలుగా గడ్డి కోసి ఫొటోలు ఊరికి పంపారు. మనవరాలికి ఎనిమిదేళ్లు. ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పమంది. ఊళ్లో మడ్‌గార్డు మీద పిల్లల్ని ఎక్కించుకోని ట్రాక్టరుందా అని పెద్దాయన ఆలోచించేలోపే కొడుకు వద్దన్నాడు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్లు నిండనివాళ్లను కూర్చుని నడిపే మోవర్ తోలనివ్వొద్దంటుంది. ఇంకొకరిని ఎక్కించుకోవడం ఏ వయసులోనూ లేదు. ఒకసారి ఒళ్లో తిప్పిన పిల్ల మర్నాడు శబ్దం వినగానే బండి వైపే పరిగెత్తుకొస్తుంది. వెనక్కి తీస్తున్నప్పుడు వెనక ఎవరున్నారో ఇంజను మోతలో తెలియదు. బండి బయటికి వచ్చిన పూట మనవరాలు ఇంట్లో ఉండాలని ఒప్పందం. దానికి బదులుగా ఆ పిల్ల వంటింటి కిటికీ దగ్గర కాపలా పదవి తీసుకుంది.

ఆ పదవే పనికొచ్చింది. బండి ఉండే షెడ్డు తలుపు ఎత్తు తక్కువ. లోపలికి పోవాలంటే బార్ మడవాలి, బయటికొచ్చాక ఎత్తి పిన్నులు పెట్టాలి. నాలుగు రోజులు ఎత్తారు, ఐదో రోజు బద్ధకించారు. "సమంగా ఉన్న నేలేగా" అనుకున్నారట. మనవరాలు కిటికీ అద్దం మీద టకటకా కొట్టి, రెండు చేతులూ తలమీద కమానులా పెట్టి చూపించేది. దాని గోల పడలేక దిగి, ఎత్తి, బెల్టు పెట్టుకునేవారు.

జూన్‌లో ఒక శనివారం. మర్నాడు సత్యనారాయణ వ్రతం, యాభై మంది భోజనాలు. శుక్రవారం రాత్రి ఉరుములతో వాన పడింది. కొడుకు, కోడలు కొబ్బరికాయలకీ అరిటాకులకీ ఇండియన్ స్టోరుకు వెళ్లారు. పొద్దున తొమ్మిదవుతోంది.

"ఏమండీ, నేల తడిగా ఉంది. కాస్త ఎండ రానివ్వండి" అంది భార్య.

"ఎండొచ్చేసరికి మబ్బు పడుతుంది. ఇక్కడి వాన సంగతి నీకేం తెలుసు" అన్నారు, తనకేదో తెలిసినట్టు.

షెడ్డులోంచి బండి తీశారు. అద్దం మీద టకటక. బార్ ఎత్తారు, పిన్నులు పెట్టారు, బెల్టు నడుముకు బిగించారు. ముందు జాగా కోశారు. వెనక్కి వచ్చారు. జెండాల అవతల తొమ్మిదడుగుల పట్టీలో గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. స్ట్రింగ్ ట్రిమ్మర్‌లో తీగ అయిపోయింది. వచ్చేవాళ్లు వెనక వరండాలోనే కూర్చుంటారు, ముందు కనిపించేది అదే. ఆయన దిగి రెండు జెండాలు పీకి పక్కన పెట్టారు. మళ్లీ ఎక్కి బెల్టు పెట్టుకున్నారు. దిగువకు పోయి, గోడకు మూడడుగుల ఇవతల గిర్రున తిప్పుకుని రావాలన్నది ఆయన లెక్క. పొడి నేల మీద ఆ లెక్క కుదిరినట్టే కనిపించవచ్చు. అందుకే అది ప్రమాదకరమైన లెక్క.

బండి దిగుతోంది. గోడ దగ్గర పడుతోందనగా లీవర్లు వెనక్కి లాగారు. వెనక చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. తడి గడ్డి, కింద నానిన ఎర్రమట్టి. చక్రాలు తిరగకుండానే జారుతున్నాయి. ట్రాక్టర్ అయితే బ్రేకు పడి జారినా ముందు చక్రాలు స్టీరింగ్ మాట కొంతైనా వింటాయి. ఇక్కడ నడిపేవీ, తిప్పేవీ, ఆపేవీ ఆ రెండు వెనక చక్రాలే. అవి పట్టు వదిలితే మూడూ ఒకేసారి పోతాయి. బరువు ముందుకు ఒరిగింది. ముందు చక్రాలకు సొంత దిక్కు లేదు కదా, అవి పల్లం వైపు తిరిగాయి. బండి అడ్డం తిరిగింది.

"అప్పుడు నా కుడికాలు ఏం చేసిందో తెలుసా?" అని అడిగారాయన నన్ను. "బ్రేకు తొక్కింది. లేని బ్రేకు. రేకు మీద ధనధనా తొక్కుతోంది. వద్దురా అది ట్రాక్టర్ కాదు అని బుర్ర చెబుతోంది, కాలు వినదే."

ఎడమ కాలు కింద పెట్టి ఆపబోయారు. బెల్టు పట్టేసి ఉండబట్టి కాలు నేలకు అందలేదు. అందితే ఆ కాలు బండికీ రాతిగోడకూ మధ్య పడేది.

ముందు చక్రం గోడ అంచు దాటింది. బండి పక్కకు ఒరిగి పల్టీ కొట్టబోయింది. రోల్ బార్ పైభాగం గోడ దిగువన బురదలోకి దిగబడి నిలిచిపోయింది. సీటు మీద బరువు పోవడంతో ఇంజను తనంతట తనే ఆగింది. బ్లేడు ఇంకా తిరుగుతున్న చప్పుడు కొద్ది సెకన్లు వినిపించి ఆగింది. నీళ్లు ముఖానికి చెయ్యి దూరంలో ఉన్నాయి. పెట్రోలు వాసన. ఆయన బెల్టుకు పక్కవాటుగా వేలాడుతున్నారు. ఎడమ మణికట్టు మండుతోంది.

బెల్టు నొక్కి విడిపించుకోబోయి ఆగారు. విడిస్తే రాళ్ల మీద పడతారు. కుడిచేత్తో ముందు తాళం తిప్పి తీసేశారు. తర్వాత బార్ పట్టుకుని, భార్యను కేకేశారు. ఆవిడ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. పక్కింటాయన కంచె దాటి వచ్చాడు. ఆయన పెద్దాయన్ని ముట్టుకునే ముందు ఇంధనం వాల్వు కట్టాడు, భుజం కింద తన భుజం పెట్టాడు, అప్పుడు బెల్టు నొక్కాడు. మణికట్టు ఎముక చిట్లింది. నడుము చుట్టూ బెల్టు పడ్డంత మేర నల్లగా కమిలింది. అంతే.

బార్ మడిచి ఉంటే ఏమయ్యేదో ఊహించనక్కర్లేదు. అమెరికాలో వృత్తి భద్రతా పరిశోధన సంస్థ, నియోష్, పనిలో పోయినవాళ్ల మరణాలను విచారించి, పేర్లు లేకుండా నివేదికలు రాయిస్తుంది. ఆ రాత్రి కొడుకు నిద్రపట్టక అవి తెరిచాడు. గడ్డి కోసే పనివాళ్ల మరణాల్లో తమ పెరడే కనిపించిందన్నాడు: చెరువు గట్టు, రాతి గోడ, తడి గడ్డి, మడిచిన బార్, పెట్టుకోని బెల్టు. నడుస్తూ తోసే మోవర్లకు అక్కడ 1982 నుంచీ చట్టం ఉంది, పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలి. కూర్చుని నడిపేవాటికి ఆ చట్టం వర్తించదు, తయారీదారులు ఒప్పుకున్న ప్రమాణాలే దిక్కు.

వ్రతం జరిగింది. సోమవారం బండి పైకి లాగారు. పికప్ ట్రక్కుకు తాడు కట్టి లాగితే చక్రాలు కదల్లేదు. ఇంజను ఆగిన బండిలో హైడ్రాలిక్ ఆయిలే చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. వెనక రెండు బైపాస్ వాల్వులు తెరిస్తే గానీ తిరగవు. పైకొచ్చాక పక్కింటాయన వెంటనే స్టార్టు చెయ్యనివ్వలేదు. ఒరిగి పడి ఉన్నప్పుడు ఇంజను ఆయిలు సిలిండర్‌లోకి చేరితే, తాళం తిప్పగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంజను తిప్పి, ఆయిలు బయటికి పోయాకే బిగించాడు. కమాను కాస్త వంగింది. ఊళ్లో అయితే వెల్డింగ్ షాపులో కాల్చి తిన్నగా కొట్టించేవాళ్లమన్నారు పెద్దాయన. ముసలాయన తల అడ్డంగా ఊపాడు. ఒకసారి దెబ్బ తిన్న బార్ మళ్లీ పనికిరాదు. కాల్చినా, అతికినా, చిల్లు పెట్టినా దాని బలం పోయినట్టే. కొత్తది తెప్పించారు.

అప్పుడు బయటపడ్డాయి అసలు సంగతులు. వెనక ఎడమ టైరులో గాలి కుడిదానిలో సగమే ఉంది, ఆ టైరు గీతలూ అరిగిపోయాయి. రెండు టైర్ల గాలి తేడాగా ఉంటే డెక్కు ఒరిగి గడ్డి మెట్లు మెట్లుగా తెగుతుంది, లీవర్లు సమంగా తోసినా బండి ఒకవైపు లాగుతుంది. ఆ లాగుడు మే నుంచీ ఉంది. పెద్దాయన దాన్ని చేత్తో సర్దుకుంటూ తోలారు. అనుభవం ఉన్నవాడి చెయ్యి యంత్రంలో లోపాన్ని కప్పిపెట్టేస్తుంది. కొత్తవాడైతే మొదటి రోజే ఏదో తేడా ఉందని అరిచేవాడు.

మణికట్టుకు కట్టుతో ఆయన స్టూలు వేసుకుని కూర్చుంటే, కొడుకు పని చేశాడు. పీటీఓ ఆపి, బ్రేకు వేసి, తాళం తీసి జేబులో వేసుకుని, ప్లగ్గు తీగలు ఊడదీశాకే చెయ్యి డెక్కు కిందికి పోవాలి. జాకీతో ఎత్తి ఊరుకోకూడదు, స్టాండ్లు పెట్టాలి. డెక్కు లోపల ఎండిన గడ్డి అట్టలు కట్టి ఉంది. సైలెన్సర్ చుట్టూ కూడా ఉంది, అది నిప్పంటుకోవడానికి సిద్ధంగా ఉన్న చెత్త. బ్లేడు తిరగకుండా కొయ్యముక్క అడ్డం పెట్టి బోల్టు విప్పారు. పదును కత్తిలా తేలేదు. వెన్న రాసే చాకు అంత ఉంటే చాలట, మరీ సన్నం చేస్తే అంచు తొందరగా విరుగుతుంది. నూరాక గోడకు కొట్టిన మేకుకు మధ్య చిల్లుతో తగిలించి చూశారు. ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకాస్త నూరాలి. బరువు తేడాగా తిరిగే బ్లేడు స్పిండిల్ బేరింగులను తినేస్తుంది.

హైడ్రాలిక్ గొట్టం దగ్గర చెమ్మ కనిపిస్తే కొడుకు వేలు పెట్టబోయాడు. పక్కింటాయన ఆ చెయ్యి పక్కకు తోసి అట్టముక్క ఇచ్చాడు. ఒత్తిడిలో ఉన్న ఆయిలు కంటికి కనపడని చిల్లులోంచి సన్నటి ధారగా వస్తుంది, చర్మంలోకి దిగుతుంది. చిన్న సూది పోటులా ఉంటుంది, గంటల్లో సర్జన్ దగ్గరికి పోకపోతే వేళ్లే పోవచ్చు. పెద్దాయన తన చేతులు చూసుకున్నారు. ఇన్నేళ్లుగా ట్రాక్టర్ పైపులు తుడిచింది ఆ వేళ్లతోనే. ఇప్పుడు ఊళ్లో ఆయన ట్రాక్టర్ టూల్ బాక్సులో ఒక అట్టముక్క ఉంది, నేను చూశాను.

కొడుకు ఇంకో పని చేశాడు, నా దృష్టిలో మిగతా అన్నిటికంటే తెలివైనది. చెరువు ఒడ్డున తొమ్మిదడుగుల పట్టీలో గడ్డి తీయించి, కోయనక్కర్లేని పొదలు నాటించాడు. జెండాలు పీకే అవసరం ఇక ఎవరికీ రాదు.

వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లకు ఒక్క మాట. మీ షెడ్డులో ఇలాంటి బండి ఉంటే, ట్రాక్టర్ తోలిన నాన్నగారికి నేర్పక్కర్లేదనుకోకండి. వాలు, నీళ్లు, గోడలు ముందు చూపించండి. టైర్ల గాలి కొలవండి. బార్ మడిచి ఉంటే ఈ పూటే ఎత్తి పిన్నులు పెట్టండి, బెల్టు గట్టిగా లాగి చూడండి. అది పట్టకపోతే, కొత్తది వేయించేదాకా తాళం ఆయన చేతికి ఇవ్వకండి.